బొగ్గు నేలల నీరు, డెల్టా శివారు: దిగువ కృష్ణా డెల్టాలో నీటి గుణం - జలచరాలు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో బొగ్గు గని లేదు. అయినా బొగ్గు తవ్వకంతో, బొగ్గు వాడకంతో సంబంధమున్న నీరు మూడు దారుల్లో ఈ ప్రాంతాన్ని సమీపిస్తున్నది. మొదటిది గోదావరి లోయలోని సింగరేణి వాగుల నుండి పట్టిసీమ మీదుగా వచ్చే దారి. రెండవది ఇబ్రహీంపట్నం తాపవిద్యుత్ కేంద్రం వద్ద కృష్ణానది, బుడమేరుల దారి. మూడవది నూజివీడు - చింతలపూడి మెట్టలో బొగ్గు పొరలపై పారి కొల్లేటికి చేరే తమ్మిలేరు, రామిలేరుల దారి. 1855 నుండి డెల్టా నీటి పరిపాలన నీటిని పరిమాణంతోనే కొలిచింది. నీటి గుణాన్ని కొలిచే జ్ఞానం కాలువ కార్యాలయానికి వెలుపల, అద్దకపు పనివారి వద్ద, తరువాత చేపల చెరువుల రైతుల వద్ద పెరిగింది. ఈ ఎడమే దిగువ డెల్టా జలచరాలకు ప్రధానమైన ప్రమాదమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, కొల్లేరు, తమ్మిలేరు, బుడమేరు, సింగరేణి, పట్టిసీమ, నీటి గుణం, జలచరాలు, కలంకారీ.

1. ప్రవేశిక:

గని తవ్వకం వల్ల వాగు నీరు చెడడం గురించిన అధ్యయనాలు సాధారణంగా గని వద్దనే మొదలై, నాలుగైదు కోసుల దిగువన ఆగిపోతాయి. నీరు అక్కడ ఆగదు. వాగు ఏటిలో, ఏరు నదిలో కలుస్తుంది. నది నుండి కాలువ, కాలువ నుండి బోదె, బోదె నుండి చేను, చేను నుండి మురుగు కాలువ, మురుగు కాలువ నుండి కొల్లేరో సముద్రమో చేరుతుంది. ఈ వరుసలో చివరి నేల శివారు ఆయకట్టు. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల రైతులకు ‘శివారు’ అన్న మాటలోని బరువు విడమరచి చెప్పనవసరం లేదు. నీరు తక్కువైన ఏడు వారికి చివరగా అందుతుంది, ఎక్కువైన ఏడు వారి మీదనే నిలుస్తుంది.

శివారు భూముల కష్టాన్ని చరిత్రకారులూ, ఇంజనీర్లూ ఎక్కువగా కొరత, ముంపు అనే రెండు మాటలతోనే చెప్పారు. అందిన నీరు ఎటువంటిది అన్న మూడవ ప్రశ్న పక్కకు పోయింది. బొగ్గు విషయంలో అసలు ప్రశ్న ఈ మూడవదే.

2. ఆనకట్ట నాటి లెక్క:

1832-33 నాటి నందన కరువు గుంటూరు, బందరు ప్రాంతాలను గుల్ల చేసిన తరువాత కృష్ణకు అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడింది. గోదావరిపై సర్ ఆర్థర్ కాటన్ సాధించిన ఫలితం దానికి ఊతమిచ్చింది. బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, పుల్లేరు కాలువ తూర్పు డెల్టాకు ప్రాణనాళాలయ్యాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడిన తరువాత దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు కేటాయించిన నీరు 181.20 టీఎంసీలు.

ఈ అంకెలన్నీ పరిమాణానికి సంబంధించినవే. ఎకరాలు, క్యూసెక్కులు, టీఎంసీలు, తూము వద్ద నీటి మట్టం - వంద సంవత్సరాలకు పైగా కాలువ కార్యాలయపు భాష ఇదే. ఇందులో తప్పేమీ లేదు. కరువు నుండి పుట్టిన వ్యవస్థ నీరు ఎంత వచ్చిందని అడగడం సహజం. కాని భాష అలవాటై స్థిరపడిన తరువాత అందులో లేని విషయం కంటికి కూడా ఆనడం మానేస్తుంది.

జలచరాల విషయంలో ఈ గుడ్డితనం తొందరలోనే బయటపడింది. సముద్రం నుండి నదిలోకి ఎదురీది గుడ్లు పెట్టే ఇలస చేపకు ఆనకట్ట గోడ అయింది. గోదావరిలో ‘పులస’గా పేరుపడిన చేప ఇదే. దక్షిణాది నదుల ఆనకట్టలు ఈ జాతి చేపల రాకపోకలను అడ్డుకుంటున్నాయని 1873లో భారత, బర్మా దేశాల మంచినీటి చేపలపై నివేదిక వ్రాసిన ఫ్రాన్సిస్ డే అప్పుడే ఎత్తిచూపాడు. సేద్యపు లెక్కలో చేపకు గడి లేదు కనుక ఆ మాట డెల్టా పరిపాలనను కదిలించలేదు. గోదావరి పులసకు పేరు నిలిచింది, కృష్ణ ఇలస జ్ఞాపకాలలోకి జారుకుంది.

నీటి గుణం చట్టానికి ఎక్కినది 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంతో. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. ఆనకట్టకూ ఈ చట్టానికీ నడుమ గడచిన కాలం 119 సంవత్సరాలు.

3. అద్దకపువారి నీరు:

అంతమాత్రాన నీటి గుణాన్ని పరీక్షించే జ్ఞానం డెల్టాలో లేదనుకోవడం పొరపాటు. అది కార్యాలయంలో లేదు, కాలువ గట్టున ఉంది. బందరు, పెడన కలంకారీ అద్దకమే అందుకు సాక్ష్యం.

ఈ పనిలో గుడ్డను మొదట ఉతికి, పేడనీటిలో నానవేసి, ఎండకు ఆరవేసి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు పదార్థం రంగును పట్టి ఉంచుతుంది. నల్ల గీతకు వాడేది తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన కసిమి. ఎరుపు కావలసిన చోట పటిక అద్ది, ఆ తరువాత రంగువేరుతో ఉడికిస్తారు. తీరంలోని ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఒకప్పుడు ఈ ఎరుపుకు ప్రసిద్ధి. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారూ ఆంగ్లేయులూ బందరులో వర్తకస్థానాలు పెట్టి ఇక్కడి బట్టకు ఎగబడడానికి ఆ ఎరుపు ఒక ముఖ్య కారణం.

ఈ ప్రక్రియలో ప్రతి దశకూ నడుమ ఉతుకు ఉంటుంది. అది పారే నీటిలోనే జరగాలి. నిలువ నీటిలో ఉతికితే విడిపోయిన రంగు తిరిగి గుడ్డకు పడుతుంది. ఇంకొక సూక్ష్మం ఉంది. కరక్కాయ పట్టిన గుడ్డకు ఇనుము తగిలితే నల్లబడుతుంది, కసిమి పనిచేసే సూత్రమే అది. కాబట్టి ఉతికే నీటిలోనే ఇనుము ఉంటే, నలుపు ఉండకూడని చోట మసక వస్తుంది, ఎరుపు చచ్చుబడుతుంది. నీటిలో కరిగిన ఇనుమును గుర్తించడానికి కరక్కాయ గుడ్డ కంటె సులభమైన పరీక్ష ప్రయోగశాలలో కూడా అరుదు. అద్దకపువారు దానికి రసాయనశాస్త్రపు పేరు పెట్టలేదు. ‘ఈ నీటికి రంగు తేలదు’ అన్నంతలోనే పని జరిగిపోయేది.

ఇనుము ప్రసక్తి ఇక్కడ కావాలనే తెచ్చినది. బొగ్గు గని నుండి వచ్చే నీటికి మొదటి గుర్తు చాలాచోట్ల ఇనుమే.

4. బొగ్గు పొర తెరిచినపుడు నీటికి జరిగేది:

బొగ్గు పొరలలోనూ, వాటిని ఆనుకొని ఉన్న మట్టిరాళ్ళలోనూ ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. భూమి లోపల గాలి తగలనంత కాలం అది నిద్రాణం. తవ్వకంతో గాలి, నీరు తగిలితే గంధకికామ్లం పుడుతుంది, ఇనుము కరిగి నీటితో బయలుదేరుతుంది. వాగులో కలిసి ఆమ్లత తగ్గగానే ఆ ఇనుము పసుపు - ఎరుపు బురదగా అడుగున పేరుకుంటుంది. రాళ్ళ సందులు మూసుకుపోయి అక్కడ పెరిగే పురుగులు పోతాయి, వాటిని తినే చేపలు పోతాయి. పీహెచ్ 5 కంటె దిగిన నీటిలో చాలా జాతుల చేపలు నిలువలేవు. ఆమ్లం మట్టి నుండి కరిగించిన అల్యూమినియం మొప్పల మీద పేరుకొని ఊపిరి ఆడనివ్వదు.

ఈశాన్యంలోని మేఘాలయ ఇందుకు తెలిసిన ఉదాహరణ. అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ. జైంతియా కొండల్లోని లూఖా నది చలికాలంలో నీలిరంగుకు మారడం, చేపలు తేలడం దేశమంతా చూసింది. ఆ కొండల ఆమ్లపు నీరు కోపిలి జలవిద్యుత్ కేంద్రపు ఇనుప యంత్రభాగాలనే తిన్నది. 2014 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియ గనులను నిషేధించింది.

గోదావరి లోయ బొగ్గు అటువంటిది కాదు. గోండ్వానా కాలపు ఈ బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే. అందుచేత సింగరేణి గనుల నీరు మేఘాలయ నీటిలా పుల్లబడదు, ఎక్కువగా తటస్థంగానో కొద్దిపాటి క్షారంగానో ఉంటుంది. ఈ ఒక్క కారణంతో ‘మన బొగ్గు నీటికి హాని లేదు’ అనడం పరిపాటి అయింది. ఆ వాదన సగమే నిజం. ఆమ్లం లేకపోయినా సల్ఫేటు, సున్నపు లవణాలు, కాఠిన్యం పెరుగుతాయి. తవ్విపోసిన మట్టిగుట్టల నుండి ప్రతి వానకూ సన్నని మట్టి వాగులోకి దిగుతుంది. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో తేలిన సంగతి ఇదే. అక్కడి వాగుల నీరు ఆమ్లం కాకపోయినా, కరిగిన లవణాలు పెరిగినందుకే రాళ్ళ అడుగున బ్రతికే మేఫ్లై జాతి నీటిపురుగులు మాయమయ్యాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2011లో ఆ వాగులకు విద్యుద్వాహకత హద్దుగా సెంటీమీటరుకు 300 మైక్రోసీమెన్లను సూచించింది. సహజంగానే గట్టినీరైన దక్కను నదులకు ఆ హద్దు యథాతథంగా పనికిరాదు. కాని ఆమ్లం ఒక్కటే కొలబద్ద కాదన్న పాఠం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

డెల్టా వైపు నుండి చూస్తే సల్ఫేటుకు ఇంకొక కథ ఉంది. పారే వాగులో అది చేపకు పెద్దగా హాని చేయదు. గాలి ఆడని బురదలోకి చేరినపుడు సూక్ష్మజీవులు దానిని హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసనతో చెరువు అడుగున నల్లమట్టి తేలితే రొయ్యల రైతుకు నిద్రపట్టదు. అది చాలా కొద్ది మోతాదులోనే రొయ్యను చంపే వాయువు. పైన కొండవాగులో సాధువైన పదార్థమే కింద కొల్లేటి బురదలో విషం కాగలదు. గని పక్కన నాలుగు కోసుల్లో ఆగిపోయే అధ్యయనాలకు ఈ మార్పు కనబడదు.

5. సింగరేణి వాగుల నుండి పట్టిసీమ వరకు:

భద్రాచలం యాత్రకు పోతూ ఇల్లెందు వద్ద ఆగినవారు పొయ్యికి పెట్టిన నల్లరాళ్ళే అంటుకున్నాయన్న కథ సింగరేణి చరిత్రలో మొదట వస్తుంది. ఇల్లెందుకు ‘బొగ్గుట్ట’ అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. 1870 దశకం తొలినాళ్ళలో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఈ నిక్షేపాలను గుర్తించాడు. 1886లో లండనులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. అదే కాలంలో నిజాం రైలుమార్గం బెజవాడను చేరింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 2023-24లో ఉత్పత్తి దాదాపు 7 కోట్ల టన్నులు.

తొలి ఎనభై అయిదేండ్లు దాదాపు అంతా భూగర్భ గనులే. వాటిలో నీటికి జరిగినది రెండు రకాలు. గనిలో ఊరిన నీటిని పంపులతో తోడి వాగులకు వదిలారు, కొన్ని పల్లెలు దానితో పొలాలు పండించుకున్నాయి. బొగ్గు తీసిన ఖాళీలు కూలకుండా నింపడానికి గోదావరి ఇసుకను నీటితో కలిపి లోపలికి పంపారు. నది ఇసుక తగ్గడమంటే చేప గుడ్లు పెట్టే చోటు తగ్గడమే. ఈ రెండవ సంగతి బొగ్గు - నీరు చర్చల్లో రావలసినంతగా రాలేదు. 1970 దశకం నడిమి నుండి రామగుండంతో మొదలైన ఓపెన్‌కాస్ట్ గనులు పరిస్థితిని మార్చాయి. ఒక్క టన్ను బొగ్గుకు అనేక రెట్ల మట్టిని పైకి తీసి గుట్టలు పోయవలసి వచ్చింది. మంచిర్యాల వైపు రాళ్ళవాగు, కొత్తగూడెం వైపు ముర్రేడు, అది కలిసే కిన్నెరసాని - ఇవన్నీ బొగ్గు నేలల మీదుగా గోదావరికి చేరేవే.

ఈ కథ 2015 వరకు కృష్ణా డెల్టాకు పరాయిది. నిజానికి పూర్తిగా పరాయిది కూడా కాదు. ఏలూరు కాలువ పందొమ్మిదవ శతాబ్దంలోనే పడవల రాకపోకలకు రెండు నదులనూ కలిపింది. పెద్ద ఎత్తున నీరు మళ్ళడం మాత్రం పట్టిసీమతోనే మొదలైంది. 24 పంపులతో 8,500 క్యూసెక్కుల గోదావరి వరదనీరు పోలవరం కుడికాలువలో పడి, సుమారు 174 కిలోమీటర్లు నడిచి, బుడమేరు మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుండి బందరు కాలువకు, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు అందుతుంది. నాగార్జునసాగర్ నుండి నీరు రాని ఏడు ఈ నీరే సార్వా వరిని నిలబెట్టింది. శివారు రైతు దృష్టిలో అది మేలు, ఆ మేలును చిన్నబుచ్చడం న్యాయం కాదు.

పంపులు నడిచేది వరద నెలల్లో. ఆ రోజుల్లో గోదావరి పరిమాణం ముందు గనుల నీరు చాలా పలుచబడిపోతుంది. కరిగిన లవణాల వరకు ఇది ఊరట. మట్టి విషయంలో పరిస్థితి వేరు. గుట్టల నుండి సన్నని మట్టి దిగేది కూడా ఆ వానల్లోనే. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పు పోలవరం నుండి కృష్ణకు మళ్ళించే 80 టీఎంసీలలో ఆంధ్రప్రదేశ్‌కు 45, కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 అని పంచింది. పంపకం మళ్ళీ టీఎంసీలలోనే. ఒక నది చేపలు, నాచు, మట్టి, లవణాలు మరొక నదిలోకి దిగుతున్నపుడు వాటికి కూడా ఒక పద్దు ఉండవలసింది.

6. ఇబ్రహీంపట్నం - వేడినీరు, బూడిద, బుడమేరు:

పై నీరు కృష్ణలో కలిసే చోటికి పక్కనే బొగ్గు రెండవ రూపంలో కనబడుతుంది. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్ నడిచిన విజయవాడ తాపవిద్యుత్ కేంద్రం నార్ల తాతారావు పేరుతో నేడు ప్రసిద్ధం. సింగరేణి బొగ్గుతో పాటు ఒడిశాలోని తాల్చేరు బొగ్గు ఇక్కడ కాలుతుంది. మన దేశపు బొగ్గు నూరు టన్నులు కాలిస్తే ముప్పై నుండి నలభై టన్నుల బూడిద మిగులుతుంది. అంటే గనిలో మిగలవలసిన రాతిభాగం రైలెక్కి డెల్టా తలాపుకు వచ్చినట్లే.

తొలి యూనిట్లు కృష్ణ నీటిని తీసుకొని, యంత్రాలను చల్లబరచి, వేడెక్కిన నీటిని తిరిగి నదికి వదిలే పద్ధతిలో కట్టినవి. నీటి వేడి పెరిగితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఉండేది 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాముల చేరువకు పడిపోతుంది. వేడినీటిలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది, అందేది మాత్రం తగ్గుతుంది. కొర్రమీను వంటిది పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకుతుంది, బొచ్చె, శీలావతి ఆ పని చేయలేవు. ఏ నీటిలోనైనా గాలి పీల్చే చేపలే మిగిలాయంటే ఆ నీరు అలసిపోయిందని జాలరులు అనుభవంతో గ్రహిస్తారు.

బుడమేరు ఇక్కడ రెండు పాత్రలు వహిస్తుంది. వెలగలేరు రెగ్యులేటరు నుండి మళ్ళింపు కాలువ దాని వరదను కృష్ణకు తెస్తుంది. పాత ప్రవాహమార్గం మాత్రం విజయవాడ మీదుగా కొల్లేటికే పోతుంది. మళ్ళింపు కాలువ చివరి భాగం విద్యుత్ కేంద్రపు కాలువతో ముడిపడి ఉండడం దాని సామర్థ్యానికి అడ్డు అన్న చర్చ 2024 సెప్టెంబరు వరదల్లో గండ్లు పడి నగరం మునిగినపుడు గట్టిగా వినబడింది. ఆ చర్చ కూడా క్యూసెక్కులతోనే సాగింది. నగరపు మురుగును, కొండపల్లి పారిశ్రామిక ప్రాంతపు నీటిని మోసుకొని కొల్లేటిలోకి దిగిన వరద అక్కడ ఏమి వదిలిందన్న విచారణ వార్తల్లో చోటు చేసుకోలేదు.

7. చెరువు గట్టున కొలత:

డెల్టాలో నీటి గుణం కొలిచే రెండవ తరం చేపలు, రొయ్యల రైతులది. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాలలో వరిచేలు చెరువులైన తరువాత పీహెచ్, ఉప్పదనం, ప్రాణవాయువు, అమ్మోనియా అన్న మాటలు ఊరి మాటలయ్యాయి. చిన్న చిన్న పట్టణాల్లో నీటిపరీక్ష కేంద్రాలు వెలిశాయి. ఒక సామాన్య రైతు తెల్లవారుజామున లేచి ప్రాణవాయువు చూసుకోవడం నీటిపారుదల చరిత్రలో చిన్న విషయం కాదు.

ఈ జ్ఞానానికి ఒక వంకర కూడా ఉంది. లోపలికి వచ్చే నీటిని గీటు పెట్టి చూసే రైతే, చెరువు ఎండగట్టినపుడు బయటికి వదిలే నీటిని చూడడు. 1990 దశకంలో తీరప్రాంతాన్ని ముంచెత్తిన రొయ్యల సాగు, తెల్లమచ్చ రోగం, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఆ వంకరకు సాక్ష్యాలు. కొల్లేరును +5 అడుగుల మట్టం వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించవలసి వచ్చినదీ, 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కినదీ, 2006లో చెరువు గట్లను పగులగొట్టినదీ ఇందుకే. కాబట్టి డెల్టా నీటిని పైవారే చెడగొడుతున్నారన్న ఫిర్యాదు వాస్తవానికి సరిపోదు. పైనుండి వచ్చేది ఇంతకుముందే బరువెక్కిన నీటి మీద పడుతుంది. జలచరాలకు ఆ తేడా తెలియదు, వాటికి మొత్తం భారమే తెలుస్తుంది.

8. తమ్మిలేరు మెట్ట:

మూడవ దారి అన్నిటికంటె దగ్గరిది, అన్నిటికంటె తక్కువ చర్చకు వచ్చినది. గోదావరి లోయ బొగ్గు పొరలు కొత్తగూడెంతో ముగియవు. ఆగ్నేయంగా సాగి, మట్టి కింద లోతుకు దిగి, చింతలపూడి, చాట్రాయి మండలపు సోమవరం వరకు వస్తాయి. కోస్తా ఆంధ్రలో బొగ్గు అన్వేషణ కొత్తది కాదు. బెడదనూరు వద్ద బొగ్గు పొరల గురించి 1870 దశకంలోనే భూగర్భ శాస్త్రజ్ఞులు వ్రాశారు. రాష్ట్ర పరిధిలో బొగ్గు లేదని అనుకునే కాలం గడచిపోయింది. ఇటీవలి వాణిజ్య వేలాల్లో సోమవరం, చింతలపూడి బ్లాకుల పేర్లు వచ్చాయి.

ఈ మెట్ట నుండి నీరు పోయేది కొల్లేటికే. తమ్మిలేరు నాగిరెడ్డిగూడెం జలాశయం దాటి ఏలూరు వద్ద రెండు పాయలై సరస్సులో పడుతుంది. రామిలేరు దారి కూడా అటే. పోలవరం కుడికాలువ ఈ ఏళ్ళను అక్విడక్టులతో దాటుతుంది. 2015 సెప్టెంబరులో జానంపేట వద్ద తమ్మిలేరు అక్విడక్టుకు గండి పడినపుడు పట్టిసీమ నీరు కూడా తమ్మిలేరులోకి జారింది. ఆ విధంగా మూడు దారులలో రెండు ఒకే చోట ఒకదాని మీద ఒకటి పోతున్నాయి.

ఇక్కడి పొరలు లోతైనవి. తీయాలంటే పైనున్న ఇసుకరాతి పొరల్లోని నీటిని తోడవలసి ఉంటుంది. నూజివీడు మామిడికీ, చింతలపూడి పామాయిల్ తోటలకూ బోర్లు అందిస్తున్నది ఆ భూగర్భజలమే. తోడిన నీటిని వదలడానికి చేరువలో ఉన్నవి ఈ ఏళ్ళే. కొల్లేటికి వచ్చిన నీరు బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వేసవిలో పై నుండి నీరు తగ్గినపుడు ఆ దారిన సముద్రపు ఉప్పునీరే ఎదురెక్కుతుంది. మంచినీటి రొయ్య పిల్లలు పుట్టేది ఆ ఉప్పు - తీపి నీళ్ళ కలయికలో. పెరిగేది కొల్లేటి తీపినీటిలో. సరస్సు అడుగు బురద చెడితే రెండు చివరలా ఆ జాతికి చోటు తగ్గుతుంది.

పాలనాపటం ఈ ఏళ్ళను ముక్కలు చేసింది. 2022 ఏప్రిల్ వరకు చాట్రాయి, ముసునూరు, కైకలూరు, ఇబ్రహీంపట్నం, గుడివాడ, అవనిగడ్డ అన్నీ బందరులో కలెక్టరు ఉన్న ఒకే కృష్ణా జిల్లా. జిల్లాల విభజన తరువాత బొగ్గు మెట్ట, కొల్లేటి అంచు ఏలూరు జిల్లాకు, విద్యుత్ కేంద్రం ఎన్టీఆర్ జిల్లాకు పోయాయి. కృష్ణా జిల్లాకు శివారు మిగిలింది. జిల్లా సమావేశంలో దిగువ రైతు అడిగిన ప్రశ్నకు ఎగువ అధికారి అదే గదిలో జవాబు చెప్పే అవకాశం పోయింది.

గని తెరవడానికి ముందు పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. 2006 నాటి ప్రకటన ప్రకారం నడుస్తున్న ఆ పద్ధతిలో నీరు, గాలి, జీవజాలం పూర్వస్థితిని సాధారణంగా గని చుట్టూ 10 కిలోమీటర్ల వలయంలో, వానాకాలం కాని ఒక్క రుతువులో కొలుస్తారు. చాట్రాయి నుండి కొల్లేరు నలభై కిలోమీటర్లకు పైగా దూరం. గుడివాడ, బందరు, దివిసీమ ఆ వలయానికి ఇంకా దూరం. ఇక వానలు లేని ఆ మూడు నెలల్లో తమ్మిలేరు చాలా మేరకు ఇసుక పొర.